మొదటి కడవ పోసిన బావి

ప్రమాది నామ సంవత్సరం, వైశాఖ బహుళ పంచమి, సోమవారం ఉదయం. పాలెం బావి గట్టు.

హాజరైనవారు: మా ఇంజినీరు గారు. బావుల ఓవర్సీరు, అంటే నేను. ఊరి మునసబు. ఇంజను బావి ఆసామి సుబ్బయ్య శెట్టి. ఆయన దగ్గర ఇంజను తిప్పే మస్తాను. పాలెం సంఘపెద్ద ఏసుదాసు. పాలెం నుంచే మార్తమ్మ.

ఆనాటి నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. నేను మార్తమ్మ పేరు రాస్తుంటే మునసబు గారు వంగి చూసి, “ఆడమనిషి పేరెందుకయ్యా ఇందులో?” అన్నాడు. ఇంజినీరు గారు టోపీ తీసి విసురుకుంటూ, “ఈ బావి నీళ్లు మీరు మోస్తారా?” అని అడిగారు. నేను మార్తమ్మ పేరు పూర్తి చేశాను. అయితే ఆ రోజు అందరికంటే అవసరమైన మాట అన్న మనిషి పేరు ఈ జాబితాలో లేదు. ఆమె మధ్యాహ్నం దాటాక బండిలో వచ్చింది.

ఊరు మార్కాపురం నుంచి పుల్లలచెరువు పోయే దారిలో ఉంది. పేరు రాయడం లేదు. వాళ్ల మనవలు ఇంకా ఆ నీళ్లే తాగుతున్నారు.

ఆ పాలెంలో అందరికీ ఉన్నది ఆ ఒక్క బావి. ఆ వేసవిలో అది అడుగంటింది. తెల్లవారేసరికి ఊరిన కాస్త నీటిని ఆడవాళ్లు మెట్లు దిగి కొబ్బరి చిప్పలతో ఎత్తుకునేవాళ్లు. చివర వచ్చినవాళ్లకు బురదే మిగిలేది. ఊరిబావి దగ్గరికి వాళ్లను రానివ్వరు. అడవి అంచున ఒక వాగు ఉంది గాని, పోయి రావడానికి ఒక పూట కూలి పోతుంది. ఇంజినీరు గారు ఆ రోజు తేల్చవలసింది ఒక్కటే. ఈ బావి చచ్చిందా, బతికి ఉందా? చచ్చిందని రాస్తే బావిని పూడ్చి, పాలేన్ని వాగు పక్కకు తరలిస్తారు. అక్కడ నీళ్లుంటాయి, పని ఉండదు. బతికి ఉందంటే దాని నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పాలి.

ఆ సంగతి రాయడానికే ఇది మొదలుపెట్టాను. కాని ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని మా వాళ్లు అంటున్నారు కనుక, ముందు మా ఉద్యోగం ఎలా ఉండేదో నాలుగు మాటలు చెప్పి అక్కడికి వస్తాను.

టేపు, సుద్ద, గిరక చప్పుడు

అప్పట్లో మా తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. పైన మద్రాసు ప్రభుత్వం. చిన్న రైలు దిగి మార్కాపురం రోడ్డు స్టేషనులో నిలబడితే, గడ్డి చుట్టి పేర్చిన పలకల కట్టలు ప్లాట్‌ఫారం పొడవునా ఉండేవి. ఏ ఊరి బళ్లో పిల్లలు దిద్దుకోవడానికో పోయే పలకలు. వాటి మీది సన్నని రాతిపొడి వాసన ఇప్పటికీ నాకు ఉద్యోగంలో చేరిన రోజును గుర్తు చేస్తుంది. అక్కడి నుంచి ఎద్దుల బండి. బండిలో నా పరుపుచుట్ట, గొడుగు, మంచినీళ్ల కూజా, ఒక ఇనుప టేపు, దాని చివర కట్టడానికి సీసపు గుండు, సుద్దముక్కలు. నా కార్యాలయమంతా అదే.

టేపు చివరి భాగానికి సుద్ద పూసి బావిలోకి దించితే, నీళ్లు తగిలినంత మేర సుద్ద తడిసి గీత పడుతుంది. పైన పట్టుకున్న కొలతలోంచి ఆ తడి కొలత తీసేస్తే నీటి మట్టం ఎంత లోతున ఉందో తెలుస్తుంది. ఇంతే విద్య. చిన్నపిల్లలైనా చేస్తారు. కష్టమంతా దానికి ముందూ వెనకా ఉంటుంది. ఏ రాయి మీద టేపు పెట్టి కొలిచావో మళ్లీ ఏడు వచ్చినా అదే రాయి మీద పెట్టాలి. ఎద్దులు కట్టకముందే వెళ్లాలి. నిన్న ఎవరు తోడారు, ఎంతసేపు తోడారు, పొరుగు బావి వాడు తోడాడా లేదా అడగాలి. ఇవేవీ తెలియకుండా రాసిన అంకె పనికిరాదు. బావిలో నిలవ ఉన్న నీరు వేరు, బావికి వచ్చే ఊట వేరు. పొద్దున నిండుగా కనబడిన బావి రెండు గడియల్లో రాయి తేలుతుంది. బురదగా కనబడిన బావి ఊరంతటికీ నీళ్లు పోస్తుంది. చూసి చెప్పడానికి వీల్లేదు. తోడి చూడాలి, ఆపి చూడాలి.

మా మొదటి పైఅధికారి ఒకాయన టేపు వాడేవారు కాదు. బావిలో రాయి వేసి, చెవి ఒగ్గి విని, లోతు చెప్పేవారు. చాలాసార్లు దగ్గరగానే చెప్పేవారు కూడా. ఒకసారి గిద్దలూరు దగ్గర ఒక పెద్ద బావిలో రాయి వేసి, కళ్లు మూసుకుని వింటుంటే, లోపలి నుంచి, “ఎవుడ్రా అది? పైకొచ్చినానంటే ఉండాది నీకు!” అని కేక వచ్చింది. అడుగున పూడిక తీస్తున్న మనిషి భుజానికి తగిలిందా రాయి. మా అధికారి బండి దగ్గరికి నడిచిన వేగం నేను మళ్లీ చూడలేదు. ఆ తర్వాత ఆయన టేపు వాడడం మొదలుపెట్టారు. అది కూడా ముందు బావిలోకి తొంగి చూసి, “లోపల ఎవరైనా ఉన్నారా?” అని అడిగాకే.

పొద్దున్నే కపిల చప్పుడు వినబడేది. ఎద్దులు వెనక్కి నడిచి తోలుబాన ముంచడం, ముందుకు వాలులో దిగి పైకి లాగడం, తొట్టిలో నీళ్లు దభీమని పడడం. గిరక ఎంతసేపు కిర్రుమంటే తాడు అంత పొడవు, తాడు ఎంత పొడవైతే నీళ్లు అంత లోతు. ఊళ్లోకి బండి దిగకముందే ఆ చప్పుడు విని, ఏడు మంచిదో చెడ్డదో అంచనా వేసుకునేవాణ్ణి. నీళ్లు పైనున్న ఏళ్లలో కపిల తోలేవాడు కూనిరాగం తీసేవాడు. కరువు ఏళ్లలో ఎద్దులను తిట్టేవాడు. ఇప్పుడు అన్ని ఊళ్లలోనూ మోటార్లే. వాటి చప్పుడుకు నీళ్లు పైనున్నా, కిందున్నా ఒకటే. ఆ గిరకలు నాకు ఇప్పటికీ వినబడుతుంటాయి.

రాసిపెట్టి?

మమ్మల్ని చూస్తే జనానికి మొదట వచ్చే అనుమానం శిస్తు. నీళ్లెక్కువుంటే శిస్తు పెంచుతారేమోనని, చంద్రశేఖరపురం వైపు కొందరు మేము వస్తున్నామని తెలియగానే తెల్లవార్లూ తోడి బావి ఖాళీ చేసేవాళ్లు. ఇంకో చోట, నీళ్లు తక్కువుంటే బావి పూడుస్తారని వాగు నీళ్లు తెచ్చి పోశారు. రెండూ చూశాను. ఎవరినీ తప్పుపట్టలేను. టేపు పట్టుకుని వచ్చినవాడు మేలు చేసి పోయిన సంగతి వాళ్లు వినలేదు.

అక్కడే ఒక ముసలి రైతు బావి గట్టున గొంతుకూర్చుని నన్ను చాలాసేపు చూశాడు.

“ఎందుకు కొలుస్తాండావు సామీ?”

“నీళ్లెంత ఉన్నాయో తెలుసుకోవడానికి.”

“తెలుసుకోని?”

“రాసిపెట్టడానికి.”

“రాసిపెట్టి?”

నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను. ఆయన నవ్వి తాగడానికి మజ్జిగ తెప్పించాడు. మన పనిలో చాలామంది రెండో ప్రశ్న దగ్గరే ఆగి పింఛను తీసుకుంటారు. మీరు మూడోదాని దాకా పోవాలని నా కోరిక.

జల చూసేవాళ్ల గురించి కూడా అడుగుతుంటారు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని, వేపపుల్ల పట్టుకుని పొలంలో నడిచేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవాళ్లు. నేను నమ్మలేదు. అలాగని వాళ్లతో పోట్లాడనూ లేదు. వాళ్లు చూపిన చోట నీళ్లు పడితే వాళ్ల గొప్ప, పడకపోతే రైతు కర్మ. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు.

అక్క బావి, చెల్లెలు బావి

మార్కాపురం నేలలో పలకరాయి ఉంది. ఆ రాయి నేలలో పరిచినట్లుగా ఉండదు. అల్మారాలో నిలబెట్టిన పుస్తకాల మాదిరి అంచు మీద వాలి నిలబడి ఉంటుంది. నీరు ఆ పొరల మధ్య సందుల్లో పొడవునా పారుతుంది కాని, పొరలను అడ్డంగా దాటడం అరుదు. అందుకని ఎదురెదురుగా ఉన్న రెండు బావులకు ఏ సంబంధమూ ఉండకపోవచ్చు. ఎక్కడో పొలం అవతల ఉన్న రెండు బావులు ఒకే సందు నీళ్లు తాగుతుండవచ్చు.

ఈ సంగతి ఆ ఊళ్లవాళ్లు ఎప్పుడో కనిపెట్టి ఒక ఆచారం పెట్టుకున్నారు. ఎవరైనా కొత్త బావి తవ్వితే, జల పడిన పూట చుట్టుపక్కల ఏ పాత బావి నీళ్లు మడ్డి కట్టాయో, ఏది కిందికి దిగిందో చూస్తారు. అది కొత్త బావికి అక్క. కొత్త బావి తవ్విన ఇంటి కోడలు మొదటి కడవ నీళ్లు పసుపు రాసి ఎత్తుకుపోయి ఆ పాత బావిలో పోసి, “అక్కా, నీ తర్వాతే నేను” అనాలి. ఆ మాట ఊరికే అనే మాట కాదు. కరువు వచ్చినప్పుడు అక్క బావి వాళ్లు తోడుకోవడం అయ్యేదాకా చెల్లెలి బావి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. నేను పనిచేసినన్నాళ్లూ పొలం కింది నీళ్లు ఎవరివని చెప్పే చట్టం నా చేతిలో లేదు. పట్టాభూమిలో బావి ఉంటే ఆసామి ఇష్టం. ఈ ఒక్క మాటే ఆ ఊళ్లలో కోర్టూ, కచేరీ.

సుబ్బయ్య శెట్టి బావికి అక్క ఊరిబావి అని అందరూ చెప్పారు. శెట్టికి ఊళ్లో కిరాణా దుకాణం, ఊరి బయట తమలపాకు తోట. ఆకుతోట నీళ్లకు ఒక్క రోజు ఓర్చుకోదు. అందుకని ఆ ముందు ఏడు మద్రాసు నుంచి నూనె ఇంజను తెప్పించి బావి మీద బిగించాడు. ఇంజను వచ్చిన తర్వాతనే పాలెం బావి అడుగంటడం మొదలైంది. పాలెం వాళ్లు అర్జీ పెట్టుకున్నారు. శెట్టిని ఆ అర్జీ నిజంగా నొప్పించింది. ఆయన చెడ్డవాడు కాదు. దారిన పోయేవాళ్లకు చలిపందిరి వేయించేవాడు. ఊరిబావి దగ్గర రైతులు కపిలలు విప్పేదాకా ఇంజను ముట్టుకునేవాడు కాదు. ఆకులు వాడిపోతున్నా ఆగేవాడు. పాలెం బావి ఎవరికీ అక్కా కాదు, చెల్లెలూ కాదు, ఒంటి బావి. దానికి ఆయన బాకీ ఏముంది?

సోమవారం

ఇంజినీరు గారు కుంభకోణం మనిషి. తెలుగు పుస్తకం చదివినట్లు మాట్లాడేవారు. కోపం త్వరగా వచ్చేది, త్వరగా పోయేది. ఆయన నాకు నేర్పింది ఒక్కటే. కొలవకముందు అభిప్రాయం చెప్పకు, కొలిచాక దాచకు. నేను చూసిన అధికారుల్లో రెండోది చేయగలిగినవాళ్లు తక్కువ.

ఆ ఉదయం పాలెం ఆడవాళ్లు బావిలో దిగలేదు. రాత్రి ఊరిన నీటిని ముట్టుకోవద్దని ముందు రోజే చెప్పాము. మా పరీక్షకు అది కావాలి. వాళ్లకూ కావాలి. ఆ ఇళ్లలో ఆ పూట పొయ్యి వెలగలేదని తర్వాత తెలిసింది. అడుగున పరచిన గుడ్డంత మడుగు ఉంది. మార్తమ్మ గట్టున కూర్చుని, దానిమీద కాకి వాలితే గులకరాయి వేసి అదిలిస్తోంది. ఆమెకు అరవై దాటి ఉంటాయి.

“కాకి తాగితే మీ కొలత తప్పిపోతాది కదయ్యా,” అంది నాతో.

శెట్టి దగ్గరికి రాకుండా, దూరంగా కానుగచెట్టు కింద గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

పొద్దున్నంతా ఊరిబావి మీద కపిలలు ఆడాయి. నేను ఊరిబావికీ పాలెం బావికీ మధ్య నడుస్తూ కొలిచాను. ఊరిబావి మట్టం దిగింది. పాలెం మడుగు కదలలేదు. ఎండ ముదిరాక రైతులు ఎద్దులు విప్పుకున్నారు. మస్తాను వెళ్లి ఇంజను తిప్పాడు. డబ్ డబ్ మని చప్పుడు పాలెం దాకా వచ్చింది. అందరూ బావిలోకి వంగి చూస్తున్నారు. చాలాసేపు ఏమీ కాలేదు. శెట్టి గొడుగు కింద నుంచి, “ఏమైంది సార్, మీ మడుగు?” అని ఎగతాళిగా అడిగాడు.

అప్పుడు మడుగు అంచున తడి రాయి ఒకటి బయటపడింది. తర్వాత ఇంకొకటి. నీరు ఎవరో కింద నుంచి పీల్చుకుంటున్నట్లు నెమ్మదిగా మధ్యకు ముడుచుకుంది. పాలెం ఆడవాళ్లు పొద్దున ముట్టుకోకుండా దాచుకున్న నీళ్లు కళ్లముందే పోతున్నాయి. ఏసుదాసు, “ఇంక చాలు, ఆపమనండి దొరా,” అన్నాడు. శెట్టి గట్టు దాకా వచ్చి ఒకసారి తొంగి చూసి, మళ్లీ చెట్టు కిందికి పోయాడు. ఇంజినీరు గారు నన్ను ఊరిబావి దగ్గరికి పంపారు. కపిలలు ఆగిన ఊరిబావిలో నీళ్లు పైకి వస్తున్నాయి. శెట్టి ఇంజను అంత జోరుగా లాగుతున్నా దానికి ఏమీ పట్టలేదు. వచ్చి చెప్పాను.

ఇంజినీరు గారు శెట్టి దగ్గరికి నడిచారు.

“శెట్టి గారూ, మీ బావికి ఊరిబావితో సంబంధం లేదు. ఈ బావితో ఉంది. మీరే చూశారు.”

“చూసినా. అయితే నేను దొంగనా సార్?”

“నేను ఆ మాట అనలేదు.”

“మా బాయికి అక్క ఊరిబాయి. మా నాయన మేళం పెట్టి, ఊరంతా చూస్తాండగా మొదటి కడవ ఆడ పోయించినాడు. ఆ దినం కాడ్నించి ఊరోళ్లు ఎద్దులిప్పిందాక మా ఇంట్లో ఎవరం తాడు ముట్టలా. కావాలంటే మునసబు గారిని అడగండి.”

“అది నిజమే,” అన్నాడు మునసబు.

“మరి మీరు ఈ పొద్దు వచ్చి, దారం దించి, అక్కను మార్చుకోమంటే ఎట్ల సార్? మీ టేపు ఎక్కువా, మా నాయన కడవ ఎక్కువా?”

ఆ ప్రశ్నకు లెక్కల్లో జవాబు లేదు. ఆపమని ఆజ్ఞ ఇచ్చే అధికారం మాకు లేదని శెట్టికి తెలుసు, మాకూ తెలుసు.

“కడవ మోసింది మీ నాయన కాదురా. నేను.”

వెనక బండి ఆగి ఉంది. అందులో శెట్టి తల్లి అచ్చమ్మ గారు. కొడుకు భోజనానికి రాలేదని, బండి కట్టించుకుని వెతుక్కుంటూ వచ్చింది. దిగలేదు. బండి తెర పక్కకు తీసి కూర్చుని ఉంది.

“ఈ ఎండలో ఈడికెందుకొచ్చినావుమా?” అన్నాడు శెట్టి.

“నువ్వు అన్నానికి రాకపోతే వచ్చినా. వచ్చి కూకోని ఇంటాండా. మీ నాయన ఎంత మొండోడో నువ్వూ అంతే.” ఇంజినీరు గారి వైపు తిరిగింది. “అయ్యా, నేను కాపరానికొచ్చిన ఏడే మా బాయిలో జల పడింది. మందు పెట్టి బండ పగలగొట్టినారు. ఆ పూటే పాలెం బాయి నీళ్లు మడ్డి కట్టినాయని కబురొచ్చింది. ఊరిబాయి నీళ్లు తేటగా ఉండాయి. కడవ ఏడికి పోవాలో అందరికీ తెలుసు.”

“అమ్మా,” అన్నాడు శెట్టి.

“ఉండ్రా. మీ నాయన చానాసేపు కూకోని, ‘పాలెం బాయికి పోయి అక్కా అంటే, రేపు మన దుకాణానికి ఎవరొస్తారు?’ అన్నాడు. ఊరిబాయికే పోదాం పదమన్నాడు. మేళం పిలిపించినాడు. మేళం ఎందుకనుకున్నావు? దోవలో నన్ను ఎవరూ ఏమీ అడక్కుండా.”

“ఇన్నేండ్లూ ఒక్క మాట చెప్పలేదే నాకు.”

“నువ్వు అడిగితివా?”

ఇంజను ఇంకా ఆడుతోంది. అప్పుడు మార్తమ్మ గట్టు మీద నుంచి లేచి, బండికి కాస్త దూరంలో వచ్చి నిలబడింది.

“మా అత్త చెప్పేది పెద్దమ్మా,” అంది. “ఆ దినం కడవ వస్తాదని మావోళ్లు బాయి చుట్టూ అలికి ముగ్గేసినారంట. పొద్దుగూకిందాక చూసినారంట. మేళం ఇనపడితే మన కాడికే అనుకున్నారంట.”

“ముగ్గేసినారా?”

“వేసినారంట.”

అచ్చమ్మ గారు తెర అంచు వేళ్లతో నలుపుతూ కూర్చుంది. నాకు తెలిసి ఆ సంగతి ఆమె అప్పుడే మొదటిసారి వింటోంది. తర్వాత మార్తమ్మతో, “మీ అత్త ఉండాదా మే?” అని అడిగింది.

“పోయింది పెద్దమ్మా. చానా ఏండ్లయింది.”

“సుబ్బయ్యా,” అంది అచ్చమ్మ గారు కొడుకు వైపు చూడకుండా, “ఆ ఇంజను ఆపించు. నాకు తల నొస్తాంది. ఇంటికి పా.”

శెట్టి కండువా ఎత్తి ఊపాడు. దూరాన మస్తాను చూసినట్లున్నాడు, చప్పుడు ఆగిపోయింది. శెట్టి బండి వెనక నడిచి వెళ్లిపోయాడు. ఒప్పుకున్నాడో లేదో, రేపు ఏం చేస్తాడో ఎవరికీ అంతుపట్టలేదు. మునసబు గారికి మాత్రం వేరే దిగులు పట్టుకుంది. “ఇంతకీ ఊరిబాయి అక్క కాదని తేలె. ఇంక శెట్టి మాకోసం ఆగాల్సిన పనిల్యా. రేపు పొద్దున్నే కోడి కూయకముందే ఇంజను పెడితే పాలెమోళ్ల గతేంది?” అన్నాడు. నాకు అంతవరకు తట్టలేదు. మేము నిజం కనిపెట్టి, శెట్టికి ఉన్న ఒక్క కట్టూ విప్పేశాము.

ఇంజినీరు గారు తన రిపోర్టులో, “బావి బతికే ఉంది” అని రాసి, సాయంత్రం రైలు అందుకోవడానికి బయలుదేరారు. బండి ఎక్కుతూ నాతో, “రేపు ఉదయం కొలిచి రండి. ఏమైనా సరే, కొలిచిందే రాయండి,” అన్నారు. చాలా అలిసిపోయినట్లు కనబడ్డారు. ఈ పనిలో మీకు కూడా ఇలాంటి సాయంత్రాలు వస్తాయి. లెక్క సరిపోయి ఉంటుంది, చేతిలో ఏమీ ఉండదు. అలాంటప్పుడు ఊరు విడిచి వెళ్లకండి. ఇంకో పూట ఉండండి. నా ఉద్యోగంలో నేను చూసిన మంచి అంతా ఆ ఇంకో పూటలోనే జరిగింది.

మరునాడు ఉదయం

తెల్లవారుతుండగా చావడిలో లేచి మొదట చెవులు ఒగ్గాను. ఊరిబావి వైపు నుంచి గిరక కిర్రుమంటోంది. ఇంజను చప్పుడు లేదు. ఇంకా పెట్టలేదో, పెట్టడో తెలియదు. టేపు తీసుకుని పాలెం వైపు నడిచాను.

ఆడవాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. నన్ను చూసి దారి ఇచ్చారు. సుద్ద పూసి దించితే మోకాటికి పైన నీళ్లున్నాయి. మార్తమ్మ చేద వేసింది. చిప్పలతో ఎత్తుకున్నన్ని రోజులూ వినబడని చప్పుడు, చేద మునిగిన చప్పుడు, బావిలోంచి వచ్చింది. ఎవరో నవ్వారు. ఒకరి తర్వాత ఒకరు తోడుకున్నారు. తొందరపడి నాలుగు చుక్కలు ఒలికించిన పిల్లను అందరూ కలిసి తిట్టారు. పొద్దు పైకి వచ్చేసరికి గట్టు చుట్టూ కడవలన్నీ అంచుల దాకా నిండి ఉన్నాయి. ఊట ఇంకా వస్తూనే ఉంది.

అప్పుడు మస్తాను పాలెం మొదట్లో కనబడ్డాడు. లోపలికి రాకుండా ఆగి, తలగుడ్డ సర్దుకుని, ఎవరితో చెప్పాలో తెలియనట్లు ఏసుదాసునూ మార్తమ్మనూ మార్చి మార్చి చూశాడు. ముందు రోజు దాకా అతను ఈ మాట అడగడానికి రోజూ ఊరిబావి దగ్గరికి వెళ్లేవాడు.

“శెట్టి గారు అడిగి రమ్మన్నాడు,” అన్నాడు. “అయినాయా అని.”

మార్తమ్మ నిండిన కడవల వరుసను ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసింది. మస్తాను కూడా చూశాడు.

“ఇంకా కాలేదని చెప్పుపో నాయనా,” అంది మార్తమ్మ.

మస్తాను నవ్వు ఆపుకుంటూ వెనక్కి తిరిగి వెళ్లాడు. అతను కనుమరుగయ్యాక ఏసుదాసు మెల్లగా, “అన్నీ నిండినాయి కదమ్మే,” అన్నాడు.

“నిండినాయి లే,” అని మార్తమ్మ గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. “ఇంకోసారి అడగనీ.”